హాబ్స్ నుంచి అంబేడ్కర్ దాకా: ఆ ఒప్పందానికి ఒప్పుకున్నదెవరు?

మీరు అడిగింది ఇది: "గ్రూప్స్‌కి చదువుతున్నాను. సామాజిక తత్వశాస్త్రం అనగానే హాబ్స్, లాక్, రూసో, మిల్, మార్క్స్, రాల్స్ అని పేర్ల వరుస వస్తోంది. ఒక్కొక్కరికీ నాలుగు పాయింట్లు. చదివిన వారానికే ఎవరేమన్నారో కలిసిపోతోంది. వీళ్లకు ఒకరితో ఒకరికి సంబంధం ఏమిటి? మన సమాజానికి వీళ్లతో పనేమిటి?"

డిగ్రీ కాలేజీలో ఈ సబ్జెక్టు చాలా ఏళ్లు చెప్పాను కాబట్టి ఈ ఇబ్బంది నాకు కొత్త కాదు. తప్పు మీ జ్ఞాపకశక్తిది కాదు, గైడులో వాళ్లను పెట్టిన తీరుది. హాబ్స్ అంటే నిరంకుశత్వం, లాక్ అంటే వ్యక్తి హక్కులు, రూసో అంటే ప్రజా సంకల్పం అని గళ్లు గీసి పెడతారు. ఎవరు ఎవరితో గొడవ పడుతున్నారో అందులో కనబడదు. ఆ గొడవ తెలిస్తే పాయింట్లు వాటంతట అవే గుర్తుంటాయి.

నేనైతే అందరినీ ఒకే ప్రశ్న పట్టుకుని చదవమంటాను. నా మీద ఇంతమందికి అధికారం ఉంది కదా, దానికి నేను ఎప్పుడు ఒప్పుకున్నాను? రాజకీయ తత్వశాస్త్రం ఈ ప్రశ్నను ఎక్కువగా ప్రభుత్వాన్ని అడుగుతుంది. సామాజిక తత్వశాస్త్రం అక్కడితో ఆగదు. పోలీస్ స్టేషన్, కోర్టు లేకుండానే మనల్ని అదుపులో పెట్టే ఆస్తి, ఫ్యాక్టరీ, ఇల్లు, కులం, నలుగురి మాట, వీటన్నిటినీ అదే ప్రశ్న అడుగుతుంది.

హాబ్స్‌తో మొదలుపెడదాం. 1588లో స్పెయిన్ నౌకాదళం ఇంగ్లండ్ మీదికి వస్తోందన్న భయం మధ్య పుట్టాడు. మా అమ్మ కవలల్ని కన్నది, ఒకరు నేను, రెండోది భయం అని తనే రాసుకున్నాడు. 1640లలో ఇంగ్లండ్‌లో అంతర్యుద్ధం, 1649లో రాజు చార్లెస్ తల నరికివేత, ఆ కాలంలో ఈయన పారిస్ ప్రవాసం. 1651లో 'లెవయథాన్' వచ్చింది. పైన ప్రభుత్వమంటూ లేకపోతే మనిషి బతుకు ఒంటరిగా, దరిద్రంగా, పశుప్రాయంగా, అల్పాయుష్షుగా ఉంటుందన్నాడు. కాబట్టి అందరూ తమ హక్కుల్ని ఒక సార్వభౌముడికి అప్పజెప్పేందుకు ఒప్పుకుంటారు. సామాజిక ఒప్పందం అనేది దీన్నే. గైడు ఇక్కడితో ఆపేస్తుంది. ఆయన వాదానికి పునాది సమానత్వం అన్న సంగతి చెప్పదు. ఎంత బలహీనుడైనా కుట్ర చేసో, పదిమందిని కూడగట్టో అందరికన్నా బలమైనవాణ్ణి చంపగలడు. అందుకే అందరూ సమానం, అందుకే అందరికీ భయం. పుట్టుకతో రాజు గొప్పవాడన్న మాట ఆయన దగ్గర లేదు. రాచరికాన్ని సమర్థించినవాడే దైవదత్త అధికారం కాళ్లు విరగ్గొట్టాడు.

ఈ ఒప్పందం కథ యూరప్‌లోనే పుట్టిందనుకోకండి. దీఘనికాయం అనే బౌద్ధ గ్రంథంలోని అగ్గఞ్ఞ సుత్తంలో బుద్ధుడు ఇలాంటి కథే చెబుతాడు. పొలాలు పంచుకున్నారు, దొంగతనం మొదలైంది, తగువులు తీర్చమని తమలో ఒకణ్ణి ఎన్నుకుని ధాన్యంలో వాటా ఇచ్చారు, అతనే మహాసమ్మతుడు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనూ ఉంది. పెద్ద చేప చిన్న చేపను మింగే మాత్స్యన్యాయంతో విసిగిన జనం మనువును రాజు చేసుకుని ధాన్యంలో ఆరో వంతు, సరుకులో పదో వంతు ఇవ్వడానికి ఒప్పుకున్నారంటాడు. ఆ కథను అక్కడ చెప్పేది ఎవరో గమనించాలి. గూఢచారులు! తీర్థాల్లో, సభల్లో జనం మధ్య కలిసిపోయి, వాదన పెట్టుకున్నట్టు నటిస్తూ ఈ కథ వినిపించాలని కౌటిల్యుడి సూచన. మీరు ఎప్పుడో ఒప్పుకున్నారు అనే మాట పాలకుడికి ఎంత అక్కరకు వస్తుందో ఆయనకు బాగా తెలుసు. ఇంత నిజాయితీ పాశ్చాత్యుల్లో నాకు తక్కువగా కనబడింది.

లాక్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే తర్వాత వచ్చినవాళ్లలో సగం మంది గొడవ ఈయనతోనే. 1689లో ప్రభుత్వం మీద రెండు గ్రంథాలు పేరు పెట్టకుండా అచ్చు వేయించాడు. ప్రభుత్వానికి ముందే మనిషికి ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి హక్కులున్నాయి, వాటిని కాపాడటానికే ప్రభుత్వం, కాపాడకపోతే దింపేయవచ్చు అన్నాడు. ఇంతవరకు అందరికీ తెలుసు. మరి ఆస్తి ఎలా పుడుతుంది? భూమి అందరిదీ, నా శ్రమ మాత్రం నాది, నా శ్రమను దేనితో కలిపితే అది నాదవుతుంది, ఇతరులకు తగినంత, అంతే మంచిది మిగిల్చితే చాలు. వినడానికి న్యాయంగానే ఉంది. అదే అధ్యాయంలో ఒక వాక్యం ఉంది: నా గుర్రం మేసిన గడ్డి, నా పనివాడు కోసిన మట్టిపెళ్ల, నేను తవ్విన ఖనిజం నా ఆస్తి అవుతాయి అంటాడు. పనివాడు కోసినది యజమానిది ఎలా అయింది? శ్రమ పనివాడిది కదా! లాక్‌కు ఇది ప్రశ్నగానే తట్టలేదు. గుర్రం పక్కన పనివాణ్ణి నిలబెట్టి ముందుకు వెళ్లిపోయాడు.

అమెరికా గురించి రాసింది కూడా అంతే. అక్కడి ఆదివాసులు భూమిని దున్ని కంచె వేయలేదు కాబట్టి అది ఎవరిదీ కాని భూమి అనే అర్థం వచ్చేలా వాదించాడు. ఆయన రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో వాటాదారు. అది బానిసల వ్యాపారం చేసిన కంపెనీ. ఇది చెబితే విద్యార్థులు "అయితే లాక్‌ను చదవక్కర్లేదా సార్" అనేవారు. చదవాలి. హక్కుల గురించి ఆయన చెప్పిన తర్కంతోనే ఆయన్ని నిలదీయవచ్చు, ఆ పనే తర్వాతివాళ్లు చేశారు.

ముందుగా నిలదీసింది డేవిడ్ హ్యూమ్. మేం ఏ ఒప్పందం మీదా సంతకం పెట్టలేదే అంటే లాక్ చెప్పే జవాబు 'మౌన సమ్మతి'. ఈ దేశపు రోడ్డు మీద నడుస్తున్నావంటేనే ఒప్పుకున్నట్టు. 1748లో ఒక చిన్న వ్యాసంలో హ్యూమ్ దీన్ని చిత్తు చేశాడు. పరభాష రాక, పరాయి దేశం తెలియక, రోజు కూలితో బతికే పేదవాడికి దేశం వదిలిపోయే స్వేచ్ఛ ఉందని నిజంగా అనగలమా? నిద్రలో ఉన్నవాణ్ణి ఎత్తుకొచ్చి ఓడలో పడేశాక, దిగితే సముద్రంలో చావు తప్పదని తెలిసి అతను ఓడలోనే ఉండిపోతే, కెప్టెన్ అధికారానికి ఒప్పుకున్నాడంటామా? నా దృష్టిలో సామాజిక తత్వశాస్త్రం మొత్తంలో ఇంత క్లుప్తంగా, ఇంత గట్టిగా కొట్టిన దెబ్బ మరొకటి లేదు. ఊళ్లో అన్యాయం జరుగుతోందంటే "ఇష్టం లేకపోతే వెళ్లిపొమ్మను" అనేవాళ్లు మనకూ తక్కువేం కాదు. వాళ్లకు జవాబు హ్యూమ్ ఇచ్చి పోయాడు.

రూసో దారి వేరు. 1755లో అసమానత మీద రాస్తూ ఒక నేల చుట్టూ కంచె వేసి "ఇది నాది" అని, ఆ మాట నమ్మే అమాయకుల్ని సంపాదించుకున్న మొదటివాడే నాగరిక సమాజ స్థాపకుడు అన్నాడు. అంటే లాక్ చెప్పిన ఒప్పందం నిజంగానే జరిగి ఉంటే అది ఉన్నవాడు లేనివాడికి చేసిన మోసం. 1762లో 'సామాజిక ఒప్పందం' రాసి సరైన ఒప్పందం ఎలా ఉండాలో చెప్పబోయాడు. అందరూ కలిసి తమకు తామే చట్టం చేసుకుంటే దానికి లోబడటం బానిసత్వం కాదు. కానీ ఆ ఉమ్మడి సంకల్పానికి అడ్డుపడేవాణ్ణి "స్వేచ్ఛగా ఉండమని బలవంతపెట్టాలి" అన్న మాట కూడా ఆయనదే. ప్రజల పేరుతో పీక నొక్కిన ప్రతివాడికీ అది పనికొచ్చింది. నాకు రూసో మీద ప్రేమ ఉంది, నమ్మకం మాత్రం తక్కువ.

పైగా ఈ 'అందరూ'లో ఆడవాళ్లు లేరు. అదే ఏడాది వచ్చిన చదువుల పుస్తకం 'ఎమిలీ'లో అమ్మాయిల చదువు మగవాళ్లకు నచ్చేలా, ఉపయోగపడేలా ఉండాలని రాశాడు. 1792లో మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ దీన్నే పట్టుకుని ఉతికింది. బుద్ధి వికసించే అవకాశం ఇవ్వకుండా పెంచి, తర్వాత ఆడవాళ్లకు బుద్ధి తక్కువ అనడం ఏం న్యాయమని అడిగింది. చాలా గైడుల్లో ఆమె పేరే ఉండదు. 1988లో కరోల్ పేట్‌మన్ ఈ వాదాన్ని చివరిదాకా తీసుకెళ్లింది. సామాజిక ఒప్పందం కింద మాట్లాడని ఇంకో ఒప్పందం ఉంది, స్త్రీ మీద పురుషుడి అధికారం దాని సారం, పెళ్లి దాని రూపం అని ఆమె వాదన.

మార్క్స్‌ను ఇప్పుడు చదివితే ఆయన ఎక్కణ్ణుంచి దూరుతున్నాడో కనబడుతుంది. లాక్ వదిలేసిన ఆ పనివాడి దగ్గర్నుంచి. 1867లో వచ్చిన 'పెట్టుబడి' మొదటి సంపుటంలో ఒక ఘట్టం ఉంది. బజారులో యజమాని, కూలివాడు సమానంగా నిలబడి, ఎవరి బలవంతం లేకుండా ఒప్పందం చేసుకుంటారు. స్వేచ్ఛ, సమానత్వం, ఆస్తి అన్నీ అక్కడ వెలిగిపోతుంటాయి. బజారు దాటి ఫ్యాక్టరీ వైపు నడిచేసరికి ఇద్దరి ముఖాలూ మారిపోతాయి. డబ్బున్నవాడు ఠీవిగా ముందు నడుస్తాడు, పనివాడు బెరుకుగా వెనక నడుస్తాడు, తన తోలు తానే అమ్ముకుని ఇక దాన్ని ఒలిపించుకోవడమే మిగిలినవాడిలా. ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు, ఒప్పందం సక్రమమే. కానీ ఒకడికి ఒప్పుకోకపోతే లాభం తగ్గుతుంది, ఇంకొకడికి పూట గడవదు. హ్యూమ్ ఓడను ఫ్యాక్టరీలోకి తెచ్చినట్టుంది కదా? మార్క్స్ అంటే వర్గపోరాటం, అదనపు విలువ, చారిత్రక భౌతికవాదం అని మూడు హెడ్డింగులు రాసి వచ్చేయకుండా ఈ ఘట్టం ఒకటి రాస్తే మీకు విషయం అర్థమైందని దిద్దేవాడికి తెలుస్తుంది.

డర్కైమ్, వెబర్‌లను మీ సిలబస్ సామాజిక శాస్త్రంలో ఎలాగూ చెబుతుంది, ఇక్కడ వదిలేస్తున్నాను.

మిల్‌ను వదలలేను. మనతో నిజమైన సంబంధం ఉన్న పాశ్చాత్యుడు ఈయనే, అదీ ఇబ్బందికరమైన సంబంధం. 1823లో పదిహేడేళ్ల వయసులో లండన్‌లోని ఈస్టిండియా కంపెనీ ఆఫీసులో చేరి 1858లో కంపెనీ పాలన ముగిసేదాకా అక్కడే ఉద్యోగం చేశాడు. మన దేశానికి వెళ్లే ఉత్తర్వుల ముసాయిదాలు రాయడం ఆయన పని. మరుసటి ఏడే, 1859లో 'స్వేచ్ఛ గురించి' అచ్చయింది. ఇతరులకు హాని కలిగేటప్పుడు తప్ప ఒక వ్యక్తిని బలవంతపెట్టే హక్కు ఎవరికీ లేదన్నది దాని సారం. మరి అదే పుస్తకం మొదటి అధ్యాయంలో, ఈ సూత్రం వెనకబడిన సమాజాలకు వర్తించదు, అనాగరికుల్ని బాగుచేసే ఉద్దేశంతో నిరంకుశంగా పాలించవచ్చు అనీ రాశాడు. జీతం ఎక్కణ్ణుంచి వచ్చేదో గుర్తుపెట్టుకుని చదవండి.

అయినా మిల్ చెప్పిన ఒక మాట మనకు అచ్చంగా అతుకుతుంది. రాజు దౌర్జన్యం కన్నా సమాజం దౌర్జన్యం భయంకరమైనది, ఎందుకంటే దాన్నుంచి తప్పించుకునే దారులు తక్కువ, అది బతుకులోని ప్రతి చిన్న విషయంలోకీ దూరి మనసునే బానిసను చేస్తుంది అన్నాడు. మన ఇళ్లలో "నలుగురూ ఏమనుకుంటారు" అనే మాట ఉంది చూడండి, ఆ నలుగురు ఎవరో ఎవరికీ తెలియదు, వాళ్లకు ఆఫీసు లేదు, అప్పీలు లేదు. అమ్మాయి ఏం చదవాలో, ఎవరిని చేసుకోవాలో తీర్పు మాత్రం ఇచ్చేస్తారు. మిల్ మాట్లాడింది ఆ నలుగురి గురించే. పెళ్లి గురించి కూడా ఆయన ఊరికే కబుర్లు చెప్పలేదు. 1851లో హ్యారియట్ టేలర్‌ను చేసుకునే ముందు, చట్టం భర్తకు కట్టబెట్టే అధికారాలు నాకు అక్కర్లేదు, వాటిని ఎన్నటికీ వాడను అని రాతపూర్వకంగా రాసిపెట్టాడు. ఒప్పందాల చర్చలో నాకు అన్నిటికన్నా నచ్చే కాగితం అది.

అమెరికా తత్వవేత్త రాల్స్ 1971లో ఈ పాత కథనే కొత్తగా తిప్పాడు. ఒప్పందం ఎప్పుడో జరిగిందని చెప్పడం మానేసి, న్యాయంగా జరిగితే ఎలా ఉండేదో ఊహించమన్నాడు. మీరు ఏ ఇంట్లో, ఏ రంగుతో, ఎంత తెలివితో పుడతారో మీకు తెలియదు. ఆ 'అజ్ఞానపు తెర' వెనక కూర్చుని సమాజానికి నియమాలు రాయండి. మీరే అట్టడుగున పుట్టొచ్చు కాబట్టి, అందరికీ సమాన స్వేచ్ఛలు పెడతారు. అసమానతలు ఉన్నా అవకాశాలు అందరికీ తెరిచి ఉండాలంటారు, ఆ అసమానత అట్టడుగువాడికి మేలు చేస్తేనే ఒప్పుకుంటారు. చిన్నతనంలో రాల్స్‌కు వచ్చిన జబ్బులు అంటుకుని ఆయన తమ్ముళ్లిద్దరు చనిపోయారు. ఈయన బతికాడు. అదృష్టానికి అర్హతతో సంబంధం లేదని ఆయన అంత పట్టుబట్టడం చూస్తే నాకు ఆ సంగతే గుర్తొస్తుంది.

నోజిక్ 1974లో దీనికి ఎదురు తిరిగాడు: ఒక బాస్కెట్‌బాల్ ఆటగాడి కోసం జనం ఇష్టపడి తలా పాతిక సెంట్లు ఇస్తే అతను ధనవంతుడయ్యాడు, ఇందులో అన్యాయం ఎక్కడ అని. చురుకైన వాదన. కానీ జనం జేబుల్లోకి ఆ డబ్బు మొదట ఎలా వచ్చిందన్న దగ్గర అది మళ్లీ లాక్ దగ్గరికే పోతుంది. సుసాన్ ఓకిన్ 1989లో అడిగింది ఇంకా ఇరుకున పెట్టే ప్రశ్న. తెర వెనక కూర్చున్నవాళ్లను రాల్స్ కుటుంబ పెద్దలుగా ఊహించాడు, మరి కుటుంబం లోపలి న్యాయం సంగతేమిటి? జమైకాలో పెరిగిన చార్లెస్ మిల్స్ 1997లో అన్నదేమిటంటే, చరిత్రలో నిజంగా అమలైన ఒప్పందం తెల్లవాళ్లు తమలో తాము చేసుకున్నదే, మిగతావాళ్లు అందులో పక్షం కాదు, సరుకు.

అమర్త్య సేన్ ఇంకో మాట అన్నాడు. పరిపూర్ణ న్యాయం ఎలా ఉంటుందో తేల్చాకే అన్యాయం తగ్గించాలని లేదు. ఒక వేణువు, ముగ్గురు పిల్లలు. ఒకరికే వాయించడం వచ్చు, ఒకరికి ఆడుకోవడానికి ఇంకేమీ లేదు, ఒకరు దాన్ని కష్టపడి తయారుచేశారు. ఎవరికివ్వాలి? ముగ్గురి దగ్గరా న్యాయముంది. 'ఆదర్శ సమాజం' మీద వ్యాసం వస్తే ఈ ఉదాహరణ వాడుకోండి.

ఇక మీ రెండో ప్రశ్న, మనకు పనేమిటన్నది. అంబేడ్కర్‌ను గైడులు 'భారతీయ ఆలోచనాపరులు' అని విడిగా చివర్లో పెడతాయి. నాకు అది ఒప్పుకోవాలనిపించదు. పై వరుసలోనే, మార్క్స్‌కు, మిల్‌కు ఎదురుగా ఆయన్ని కూర్చోబెట్టాలి. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో తత్వవేత్త జాన్ డ్యూయీ దగ్గర చదువుకున్నారు, ఆయనకు చాలా రుణపడి ఉన్నానని స్వయంగా రాశారు. 1936లో లాహోర్‌లోని జాత్ పాత్ తోడక్ మండల్ అనే కుల వ్యతిరేక సంస్కర్తల సంఘం అధ్యక్షోపన్యాసానికి పిలిచింది. ప్రసంగ పాఠం చూసి భయపడి సభే రద్దు చేసింది. ఆయన సొంత ఖర్చుతో అచ్చు వేయించారు. అదే 'కుల నిర్మూలన'.

అందులో ఆయన చేసిన పని చూడండి. కులం శ్రమ విభజన అనేవాళ్లకు, కాదు, అది శ్రామికుల విభజన అని చెప్పారు. సోషలిస్టులకు ఇంకా సూటిగా చెప్పారు: విప్లవం వచ్చాక నన్ను సమానంగా చూస్తారన్న నమ్మకం లేకుండా ఆస్తి సమానత్వం కోసం ఎవడూ కలిసి రాడు. మార్క్స్ లెక్కలో పైన కొద్దిమంది, కింద చాలామంది, కిందివాళ్లు ఒక్కటవుతారు. అంబేడ్కర్ చూపించింది మెట్ల అసమానత. ప్రతి మెట్టు మీదివాడికీ తన కింద ఇంకొకడున్నాడన్న గర్వం, ఊరట ఉంటాయి కాబట్టి అందరూ కలిసి నిచ్చెనను పడదోయరు. యూరప్ నుంచి తెచ్చుకున్న ఏ సిద్ధాంతంలోనూ ఈ నిచ్చెన లేదు. సామాజిక తత్వశాస్త్రానికి ఇది మన నేల నుంచి చేరిన అసలైన కొత్త విషయమని నా అభిప్రాయం.

మిల్ చెప్పిన సమాజ దౌర్జన్యానికి మన దగ్గరున్న పదునైన ఆయుధం వెలి. నీళ్లు ఇవ్వరు, పనికి పిలవరు, దుకాణంలో సరుకు అమ్మరు. ఏ చట్టమూ ఆ శిక్ష వేయలేదు, కానీ అమలు మాత్రం ఊరంతా చేస్తుంది. వెలికీ చావుకూ పెద్ద తేడా లేదని అంబేడ్కర్ ఆ పుస్తకంలోనే రాశారు. 1947లో రాజ్యాంగం కోసం తయారుచేసిన ప్రతిపాదనల్లో సాంఘిక బహిష్కరణను శిక్షార్హమైన నేరం చేయాలని కోరారు. 1991లో గుంటూరు జిల్లా చుండూరులో హత్యాకాండకు ముందు జరిగింది దళితుల మీద బహిష్కరణే. తెలంగాణలో నిజామాబాద్ వైపు గ్రామాభివృద్ధి కమిటీలు ఫలానా కులాన్ని వెలివేశాయన్న వార్తలు ఇటీవలి దాకా వస్తూనే ఉన్నాయి. ఇక్కడ హ్యూమ్ ఓడ మళ్లీ గుర్తురావాలి: ఊరు వదిలి ఎక్కడికి పోతారు?

1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ చేసిన ప్రసంగం తప్పక చదవండి. ఎంత గొప్పవాడి పాదాల దగ్గరైనా మీ స్వేచ్ఛను పెట్టవద్దన్న మిల్ మాటను అందులో ఉదహరించారు. 'అనాగరికులకు' నిరంకుశత్వం చాలన్న మిల్‌ను ఆ దేశపు రాజ్యాంగ రచయితే తన ప్రజల స్వేచ్ఛ కోసం వాడుకున్నాడు! 1950 జనవరి 26 నుంచి మనం వైరుధ్యాల జీవితంలోకి వెళ్తున్నాం, రాజకీయాల్లో సమానత్వం, సాంఘిక ఆర్థిక జీవితంలో అసమానత్వం ఉంటాయి అన్నది కూడా ఆ ప్రసంగంలోదే. స్వేచ్ఛ, సమానత్వం, సోదరత్వం మూడూ విడదీయరానివని, సోదరత్వం లేకపోతే మిగతా రెండూ పైపై రంగులేనని హెచ్చరించారు. హాబ్స్ భయంతో, లాక్ ఆస్తితో మనుషుల్ని కలపాలని చూశారు. రెండూ చాలవని ఆయనకు తెలుసు.

చదివే క్రమం కూడా చెబుతాను. 'కుల నిర్మూలన' తెలుగులో దొరుకుతుంది, దానితో మొదలుపెట్టండి. తర్వాత మిల్ పుస్తకంలో మొదటి అధ్యాయం, హ్యూమ్ వ్యాసం, 'లెవయథాన్'లో పదమూడో అధ్యాయం, లాక్ రెండో గ్రంథంలో ఆస్తి మీద ఉన్న అయిదో అధ్యాయం చదవండి. ఇవన్నీ చిన్నవే, ఇంగ్లీషు పాతదైనా నిదానంగా చదివితే లొంగుతుంది. రాల్స్ మొత్తం పుస్తకం పరీక్షకు ముందు పెట్టుకోవద్దు, తెర గురించిన భాగం చాలు. జర్మన్ తత్వవేత్త హెగెల్‌ను ఉద్యోగం వచ్చాక చూసుకోవచ్చు. పరీక్షలో "లాక్ ఆస్తి సిద్ధాంతాన్ని విమర్శనాత్మకంగా పరిశీలించండి" అని వస్తే గుణాలు, దోషాలు అని రెండు కాలమ్‌లు రాయకండి. ఆ పనివాడు కోసిన మట్టిపెళ్ల దగ్గర మొదలుపెట్టి మార్క్స్ దాకా, కంచె వేయని భూమి దగ్గర మొదలుపెట్టి చార్లెస్ మిల్స్ దాకా వెళ్లండి. మూడు పేజీలు సులువుగా నిండుతాయి.